పారే నీటికి పాచి పట్టదంటారు కదా, మా బోదెలో ఎందుకు పడుతోంది?

గెడ్డగట్టు
చిన్నప్పటి నుంచి విన్న మాట ఒకటే. నిలవ నీటికి పాచి, పారే నీటికి శుభ్రం. మా పొలంలో తిరగబడింది.

మాది శ్రీకాకుళం జిల్లాలో నాగావళి పక్క పల్లె. చెరువు మదుము (తూము) నుంచి మా మొక్కజొన్న దాకా ఎనభై మీటర్ల సిమెంటు బోదె (పిల్లకాలవ) నేనూ మా బాబాయీ కలిసి వేయించుకున్నాం, రెండేళ్లయింది. చెరువులో మదుము పక్క మెట్ల మీద పల్చగా పచ్చదనం తప్ప పెద్దగా ఏమీ లేదు. పైన తేలే తెట్టు సంగతి వేరు. మదుము దాటి నీళ్లు పరుగెత్తే చోట మాత్రం ఆడపిల్ల జడంత పొడుగు పాచి, నీటితోపాటు ఊగుతూ. నెలకోసారి గీకుతున్నాను, మూడు వారాలకి మళ్లీ అంతే. తీరా బోదె చివర నీళ్లు నిదానించే చోట చూస్తే పాచి తక్కువ. ఏటి దీని సంగతి? పెద్దల మాట తప్పా, మా సిమెంటు తప్పా?

ఊరికే_చూస్తా
సిమెంటే. తక్కువ కలిపి ఉంటారు, పాచికి జాలేసి వచ్చి కూర్చుంది.

దిగువ_మడి
మీకు గీకే బాధ ఒక్కటే. మాది ఇంకా దిగువ. గెడ్డలోంచి ఆయిల్ ఇంజను పెట్టి తోడుకుంటాం. పైనుంచి కొట్టుకొచ్చే పాచి, నీళ్లు పీల్చే గొట్టం మూతికి ఉండే ఫుట్‌వాల్వు జాలీకి చుట్టుకుని ఇంజను గాలి పీలుస్తుంది. పైవాళ్లు గీకి నీళ్లలోకి వదిలేస్తారు, మేం ఏరుకుంటాం.

సిమెంటు_బస్తా
సిమెంటు మీద నింద వేసేముందు ఒక మాట. కొత్త సిమెంటుకి క్షారగుణం ఎక్కువ, మొదట్లో పాచి త్వరగా పట్టదు. నీళ్లు తగిలీ తగిలీ ఆ ఘాటు పోయాక పడుతుంది. ఉపరితలం గరుకుగా ఉంటే దానికి పట్టు దొరుకుతుంది. అడుగు నున్నగా పూయించారా, చీపురు గీతలు పెట్టించారా?

గెడ్డగట్టు
చీపురు గీతలే. ఎద్దు కాలు జారకూడదని మేస్త్రీ పెట్టాడు.

సిమెంటు_బస్తా
ఎద్దు జారలేదు, పాచీ జారడం లేదు.

లెక్కల_మాస్టారు
గరుకుతనం సగం కారణమే. అసలు సంగతి నీటి కదలికలో ఉంది.

నీళ్లు ఎంత వడిగా పారినా, రాయిని ఆనుకుని ఉన్న పల్చటి పొర దాదాపు కదలదు. 1904లో లుడ్విగ్ ప్రాంట్ల్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ పొర సంగతి తేల్చాడు. ఏ వస్తువు పక్కనుంచి ఏ ద్రవం పోయినా ఆ ఒంటిని అంటుకుని ఇలాంటి నిదానపు పొర ఒకటి ఉంటుంది. పాచి బతికేది అందులోనే. దానికి కావలసిన నత్రజని, భాస్వరం, బొగ్గుపులుసు వాయువు ఆ పొరలోంచి మెల్లగా ఇంకుతూ రావాలి. వాయువులు గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీళ్లలో సుమారు పదివేల రెట్లు తక్కువ. అంటే ఆ పొర మందంగా ఉంటే పాచి పస్తే.

పెళ్లి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. బంతిలో కూర్చున్నాం, విస్తరి వేశారు, గుండిగలో పులిహోర నిండుగా ఉంది. వడ్డించేవాడు అటు చివర ఆగిపోతే మన విస్తరి ఖాళీయే కదా. చెరువులో మెట్టు మీద పాచి పరిస్థితి అదే. చెరువు నిండా ఎరువు ఉన్నా, దాని విస్తరిలోకి రావడం లేదు. నీళ్లు పారేసరికి ఆ పొర పల్చబడుతుంది, వడ్డించేవాడు దగ్గరికొస్తాడు. మీ బోదెలో జరుగుతున్నది విందు.

ఊరికే_చూస్తా
మాస్టారూ, పొద్దున్నే పులిహోర గుర్తు చేశారు.

లస్కరు_కొడుకు
మాస్టారి మాటకి నేను ఒప్పుకోను. మా నాన్న ముప్పై ఏళ్లు కాలవ గేట్ల దగ్గర పనిచేశాడు, నేను కాలవ గట్టు మీదే పెరిగాను. శ్రావణ భాద్రపదాల్లో గేటు పూర్తిగా ఎత్తితే కాలవలో ఒక్క పోగు పాచి కనిపించదు. రాయి మీద చెయ్యి పెడితే గరగరా అంటుంది. నీళ్లు తగ్గి నిదానంగా పారే మాఘంలోనే పాచి. వడి ఎక్కువైతే విందు ఎక్కువ అన్నారు, మరి భాద్రపదంలో విందుకి ఎవరూ రారేం?

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న. వడ్డించేవాడు బంతిలో పరుగెత్తాడనుకోండి, విస్తరి తన్నేస్తాడు. పరవళ్లు తొక్కే నీళ్లలో వేగం రెట్టింపయితే రాయి మీద ఒరిపిడి సుమారు నాలుగింతలు అవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిదింతలు. అంటే వడి పెరిగేకొద్దీ తిండి పెరుగుతుంది గానీ పీకేసే బలం అంతకంటే త్వరగా పెరుగుతుంది. ఎక్కడో మధ్యలో పాచికి మేలైన వేగం ఒకటి ఉంటుంది.

బోటనీ_రికార్డు
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు, వెలుతురు. భాద్రపదంలో నాగావళి నీళ్లు ఎర్రగా, మట్టితో వస్తాయి. ఆ నీళ్ల అడుగున చీకటే. పైగా అందులో ఇసుక ఉంటుంది, రాయిని గరుకు కాగితంలా రుద్దుకుంటూ పోతుంది. లస్కరు_కొడుకు గారు చూసిన శుభ్రంలో వడి పని ఎంతో, బురద పని ఎంతో విడదీసి చెప్పలేం. తేటనీళ్లతో అదే వేగం పెట్టి చూస్తే గానీ తెలియదు.

గెడ్డగట్టు గారూ, మీది చెరువు నీరు, మట్టి కిందికి దిగిపోయి తేటగా వస్తుంది. అదే మీ కొంప ముంచింది. తేటనీరు, ఎండ, తెల్లటి సిమెంటు, పై పొలాల నుంచి దిగిన యూరియా, డీఏపీ. ఇంకేం కావాలి దానికి.

ఒక పని చెయ్యండి. బోదెలో పాచిని పట్టుకుని వేళ్ల మధ్య నలిపి చూడండి. చెరువులో తేలేదాన్ని కూడా. సబ్బులా జారుతోందా, తడిసిన దూదిలా గరుకుగా ఉందా చెప్పండి.

గెడ్డగట్టు
ఇప్పుడే వెళ్లొచ్చాను. చెరువులోది పట్టుదారంలా జారిపోతోంది. బోదెలోది గరుకు, తెంపితే గట్టిగా ఉంది. రెండూ పచ్చగానే ఉన్నాయి కదా అని ఇన్నాళ్లూ ఒకటే అనుకున్నాను.

బోటనీ_రికార్డు
నేను అనుకున్నదే. చేత్తో పట్టి చెప్పేది పక్కా కాదు, సూక్ష్మదర్శిని కింద చూడాలి. అయినా చెరువులోది స్పైరోగైరా అయ్యుండాలి, ఇంటర్లో అందరం రికార్డులో గీసిందే, లోపల ఆకుపచ్చ స్ప్రింగు చుట్టలు ఉంటాయి. దాని ఒంటికి జిగురు ఉంటుంది, గట్టిగా అంటుకునే వేరులాంటిది ఉండదు. అందుకే నిలవ నీరు కావాలి. మధ్యాహ్నం ఎండకి అది వదిలే ప్రాణవాయువు బుడగలు దారాల్లో చిక్కుకుని చాప మొత్తాన్ని పైకి లేపుతాయి. పొద్దున్నే వెళ్తే చాలాభాగం కిందే ఉంటుంది, చూడండి.

బోదెలోది క్లాడోఫోరా కావచ్చు. దానికి రాయిని పట్టుకునే పిడి ఉంటుంది, కొమ్మలు కొమ్మలుగా పెరుగుతుంది. వడికి జుట్టులా వాలిపోయి దెబ్బ తప్పించుకుంటుంది. కాబట్టి మీ ప్రశ్నలో 'పాచి' అన్న ఒక్క మాటలోనే రెండు మూడు రకాల జీవులున్నాయి. నిలవ నీటిదీ వేరు, పారే నీటిదీ వేరు.

గాజుతొట్టి
ఇంట్లో చేపల తొట్టి పెట్టినవాళ్లని అడగండి, చెప్తారు. విజయనగరంలో నా దగ్గర మూడు తొట్లు ఉన్నాయి. ఫిల్టరు నీళ్లు చిమ్మే గొట్టం మూతి దగ్గర, వడి ఎక్కడ ఎక్కువో సరిగ్గా అక్కడ, నల్లటి గడ్డంలా నాచు పడుతుంది. వేరేచోట అంతగా పట్టదు. చూడ్డానికి నలుపే గానీ అది ఎర్రనాచు జాతి, స్పిరిట్‌లో వేస్తే ఎర్రబడుతుంది. రెండేళ్లుగా దానితో నా యుద్ధం.

ఊరికే_చూస్తా
మూడు తొట్లు, ఒక యుద్ధం. ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు?

గాజుతొట్టి
తొట్లతోనే కాపురం చెయ్యమన్నారు.

శీలావతి_చేపలు
నాది డెంకాడ పక్క, చంపావతి నీళ్లు. ఎవరో ఒకరు మైలుతుత్తం వెయ్యమని చెప్పేలోగా నేనే చెప్తున్నాను, వెయ్యకండి. నాలుగేళ్ల కింద నా చెరువులో పాచి ఎక్కువైందని నేనే కొలత లేకుండా వేశాను. పాచి చచ్చింది. చచ్చినదంతా అడుగున కుళ్లి నీళ్లలో ప్రాణవాయువు తినేసింది. మూడో రోజు తెల్లవారుజామున వెళ్తే శీలావతులు, బొచ్చెలు నోళ్లు పైకెత్తి గుటకలేస్తున్నాయి. ఏరేటరు తెచ్చేలోపు సగం పోయాయి. తప్పు నాదే, ఎవరినీ అనను.

పారే బోదెలో అయితే ఇంకా దండగ. వేసింది వేసినట్టు దిగువకి పోతుంది, మీ పాచికి పట్టదు, కిందివాడి నత్తలకీ చేపలకీ పడుతుంది.

దిగువ_మడి
ఆ కిందివాణ్ని నేనే. దయచేసి వద్దు.

మునసబు_మనవరాలు
నాకు బోదెలు తెలియవు, రేవు తెలుసు. మాది వంశధార ఒడ్డు. మా అమ్మమ్మ రేవులో జారి తుంటి విరగ్గొట్టుకుంది. విచిత్రం ఏమిటంటే ఆమె జారింది పచ్చగా పాచి ఉన్న మెట్టు మీద కాదు, అక్కడ అందరూ జాగ్రత్తగానే దిగుతారు. ఆమె జారింది నీళ్లు వడిగా తగిలే బండ మీద. చూడ్డానికి శుభ్రంగా, కాస్త గోధుమరంగుగా ఉంటుంది, అంతే. ఆ రంగు ఏమిటి మేడం?

బోటనీ_రికార్డు
డయాటమ్‌లు. ఒక్కో కణానికి గాజులాంటి సిలికా డబ్బా ఉంటుంది. కొన్ని రాయికి బల్లపరుపుగా అతుక్కుంటాయి, కొన్ని జిగురు వదులుతూ పొరలు పొరలుగా పరుచుకుంటాయి. ఎత్తు లేదు కాబట్టి వడి వాటిని పీకలేదు. మనిషి కాలికి అదే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే కనపడదు. పచ్చ పాచిని చూసి మనం భయపడతాం, గోధుమ పొరని చూసి బండ అనుకుంటాం.

1998లో న్యూజిలాండ్‌లో బారీ బిగ్స్ అనే శాస్త్రవేత్త, మరిద్దరు కలిసి నదుల్లో సరిగ్గా ఇదే చూశారు. పొడవాటి దారాల నాచు వడి పెరిగేకొద్దీ తగ్గింది. జిగురు పొరల డయాటమ్‌లు వడితోపాటు పెరిగాయి. కాడల మీద నిలబడే రకాలు మధ్యస్థ వేగంలో ఎక్కువ ఉండి రెండువైపులా తగ్గాయి. లస్కరు_కొడుకు గారికీ మాస్టారికీ గొడవ అక్కర్లేదు, ఏ రకం అన్నదాన్ని బట్టి ఇద్దరూ ఒప్పే.

లస్కరు_కొడుకు
ఇద్దరూ ఒప్పే అంటే నాకు సరదా ఉండదు మేడం. బిగ్స్ చెప్పిన ప్రకారం దారాల పాచి నిదానపు నీళ్లలో ఎక్కువ ఉండాలి. గెడ్డగట్టు బోదె చివర నీళ్లు నిదానం, పాచి లేదు. దానికేం చెప్తారు?

బోటనీ_రికార్డు
అది నాకూ అర్థం కావడం లేదు. చివర చెట్టు నీడ ఉందా?

గెడ్డగట్టు
కానుగ చెట్టు ఉంది. మధ్యాహ్నం మూడు దాటాకే నీడ.

మునసబు_మనవరాలు
ఎర్రనీళ్ల మాట వచ్చింది కాబట్టి వరద సంగతి ఒకటి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి వంశధార పొంగింది కదా. నీళ్లు తీశాక మా రేవు బండలు కొత్తగా కొట్టి తెచ్చినట్టున్నాయి, ఎప్పటి పాచో మొత్తం పోయింది. కార్తీక సోమవారాలకి దీపాలు వదలడానికి దిగితే అప్పటికే కాలికి జిడ్డు తగిలింది. సంక్రాంతికి పచ్చ. నెలలోపే గోధుమ పొర, మూడు నెలలకి పచ్చ దారాలు, మా రేవు లెక్క అది.

లెక్కల_మాస్టారు
ఈ వాదన మాటలతో తేలదు. గెడ్డగట్టు గారూ, ఇంట్లో పగిలిన బంగాళా పెంకులు ఉంటాయి కదా. ఒకే పెంకు ముక్కలు మూడు తీసుకుని శుభ్రంగా తోమండి. మదుము కింద ఒకటి, జడల పాచి ఉన్నచోట ఒకటి, చివర ఒకటి, తీగతో కట్టి ఒకే లోతులో పెట్టండి. నీటి వేగం కొలవడానికి నిమ్మకాయ వదిలి, పది మీటర్లు పోవడానికి ఎన్ని సెకన్లో చూడండి. అది పైనీటి వేగం. మొత్తం నీటి సగటు కావాలంటే 0.85తో హెచ్చవేయండి.

గెడ్డగట్టు
నిమ్మకాయ వదిలాను. మదుము కింద 12 సెకన్లు. జడల దగ్గర 40. చివర రెండు నిమిషాల పది సెకన్లు, మధ్యలో గట్టుకి ఆనుకుంటే కర్రతో తోశాను, అది లెక్కలోకి వస్తుందా?

పెంకులు కూడా పెట్టాను. మా బాబాయి చూసి, నీళ్లలో పెంకులు నాటితే మేడ మొలుస్తుందా అని అడిగాడు.

లెక్కల_మాస్టారు
తోసింది లెక్కలోకి రాదు, మళ్లీ వదలండి. మిగతా రెండూ బాగున్నాయి. పైనీరు సెకనుకి మదుము కింద 83 సెంటీమీటర్లు, జడల దగ్గర 25.

సిమెంటు_బస్తా
పెంకులు పండేలోగా ఇంకో లెక్క. పాచి వల్ల నీళ్లు ఎంత తగ్గుతాయో రైతు పట్టించుకోడు గానీ పట్టించుకోవాలి. కాలవ లెక్కల్లో గరుకుతనానికి మానింగ్ అనే ఐరిష్ ఇంజనీరు పేరు మీద ఒక అంకె ఉంది. శుభ్రమైన సిమెంటుకి 0.014 దగ్గర వేసుకుంటాం. పాచి పట్టి అది 0.018 అయిందనుకుంటే, అదే లోతులో వచ్చే నీళ్లు ఐదో వంతు పైగా తగ్గుతాయి. అంటే ఐదు గంటల్లో తడిసే మడికి ఆరు గంటలు దాటుతుంది. ఆ జడలు అందానికి ఊగడం లేదు, మీ నీళ్లని వెనక్కి పట్టుకుని ఊగుతున్నాయి.

గెడ్డగట్టు
ఐదు గంటలు ఆరయిందన్నది నిజమే బాబూ. చెరువులో నీళ్లు తగ్గాయనుకున్నాను.

కళింగపట్నం_గాలి
మా దగ్గర వంశధార సముద్రంలో కలిసేచోట పడవల సంగతి చెప్తా. రోజూ వేటకెళ్లే పడవ అడుగు ఒకలా ఉంటుంది, ఇంజను పాడై నెల రోజులు కట్టేసిన పడవ అడుగు ఇంకోలా. కట్టేసినదానికి ముందు జిగట, తర్వాత పాచి, ఆ తర్వాత గుల్లలు. ఒడ్డుకి లాగి గీకాలంటే ఇద్దరికి ఒక పూట పని. తిరిగే పడవకి ఏమీ పట్టదని కాదు, జిగట దానికీ ఉంటుంది. గుల్లపిల్ల వచ్చి కూర్చోవడానికి కుదురు దొరకదు, అంతే.

ఊరికే_చూస్తా
తిరిగేవాడికి పట్టదు, కూర్చున్నవాడికి పడుతుంది. మా ఆవిడ నా గురించి ఇదే అంటుంది.

విజినగరం_అబ్బాయి
డ్రిప్పు పైపుల్లో కూడా పాచి పడుతుందా? మాకు జామతోటలో చుక్కలు ఆగిపోతున్నాయి.

శీలావతి_చేపలు
నల్ల పైపు లోపల చీకటి, అక్కడ పాచి పెరగదు. ట్యాంకులోంచో చెరువులోంచో వచ్చిన పాచి ముక్కలు, దానికితోడు బాక్టీరియా జిగట కలిసి రంధ్రాలు మూస్తాయి. పైపు చివర మూతలు విప్పి అప్పుడప్పుడు జోరుగా నీళ్లు వదలండి. లోపల వేగం సెకనుకి 30 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. అన్ని లైన్లూ ఒకేసారి విప్పితే ఆ వేగం రాదు, కొన్ని కొన్ని విప్పండి. ట్యాంకు తెల్లదైతే నల్లరంగు వెయ్యండి.

గెడ్డగట్టు
పద్దెనిమిది రోజులయింది. పెంకులు తీశాను.

మదుము కింది పెంకు: పచ్చదనం లేదు. గోధుమరంగు, వేలు పెడితే జర్రున జారింది. మునసబు_మనవరాలు గారు చెప్పిన బండే ఇది.
జడల దగ్గరది: పచ్చ నూగు, అర అంగుళం.
చివరది: దాదాపు తీసుకెళ్లినప్పుడు ఎలా ఉందో అలాగే. ఒకటి తప్ప. దాని మీద నత్తలు, తొమ్మిది లెక్కపెట్టాను. పెంకు నిండా ముగ్గు వేసినట్టు వంకర గీతలు.

బోటనీ_రికార్డు
దొరికింది దొంగ! పాచి అక్కడ పెరగడం లేదని కాదు, పెరిగింది పెరిగినట్టు నత్తలు మేసేస్తున్నాయి. ఆ గీతలు వాటి నాలుక గీకిన గుర్తులు. నిదానపు నీళ్లలో అవి తీరిగ్గా తిరుగుతాయి. వడి ఎక్కువైతే కాలు ఆనదు, ఆనినా పట్టుకుని ఉండటానికే సరిపోతుంది, తినడం ఎప్పుడు. అంటే జడల దగ్గర వడి పాచికి తిండి పెట్టడంతోపాటు కాపలా కూడా కాస్తోంది.

లస్కరు_కొడుకు
ఇది నీటి వేగం పని కాదు, నత్తల పని. నేను అన్నది నిలిచింది.

లెక్కల_మాస్టారు
నువ్వు ఏమన్నావో నీకే గుర్తులేదు తమ్ముడూ. నత్తలు అక్కడికి చేరింది ఎందుకు? వేగం తక్కువని. నీటి వేగం నేరుగా చేసే పని ఒకటి, నత్తల చేత చేయించే పని ఇంకొకటి.

లస్కరు_కొడుకు
కానుగ నీడ అని కూడా అనుకోవచ్చు కదా. నత్తలు నీడకే చేరి ఉండొచ్చు.

గెడ్డగట్టు
గొడవ ఎందుకు, ఇంకో పెంకు పెట్టి చూస్తా. చివరిచోటే, అదే నీడలో, అడుగు తాకకుండా కర్రకి వేలాడదీస్తా. నత్త ఎక్కలేదు.

ఊరికే_చూస్తా
నత్తని తక్కువ అంచనా వెయ్యకండి. మా గోడ మీద నాలుగో అంతస్తు దాకా వచ్చింది.

విజినగరం_అబ్బాయి
మూతలు విప్పి జోరుగా వదిలాను. మొదట పచ్చటి ముద్దలు, తర్వాత తేట. మూడు వరసలకి చుక్కలు వస్తున్నాయి. శీలావతి గారికి థాంక్స్, జామకాయలు పంపిస్తా.

గెడ్డగట్టు
వేలాడిన పెంకు సంగతి. పదహారు రోజులు. పచ్చగా, మెత్తగా, మొత్తం కప్పేసింది. కింద అడుగున పెట్టిన పెంకు నున్నగానే ఉంది. రెంటికీ మధ్య జానెడు దూరం, అదే నీడ, అవే నీళ్లు. తీగ మీద ఒక నత్త సగం దూరం దిగి ఉంది, దాన్ని తీసేశాను.

బోటనీ_రికార్డు
ఫొటో పెట్టండి, మా పిల్లలకి క్లాసులో చూపిస్తాను. వేలాడే పెంకుకి వెలుతురు కాస్త ఎక్కువే తగులుతుంది, పైకి దగ్గర కదా, అది మాత్రం చెప్పాలి. అయినా తొమ్మిది నత్తలు చాలా పెద్ద సాక్ష్యం.

లస్కరు_కొడుకు
సరే, నత్తలకి ఒప్పుకున్నాను. ఇప్పుడు పనికొచ్చే మాట చెప్తా. గీకడం మానెయ్యండి, నడుం పోతుంది. మా నాన్న చేసేది ఇదీ. తడి మధ్య విరామంలో మదుము పూర్తిగా కట్టెయ్యాలి, చుక్క కూడా కారకూడదు. చుక్క కారితే చాలు, దానికి ప్రాణం నిలుస్తుంది. ఐదు రోజులు ఎండనిస్తే పాచి అప్పడంలా లేస్తుంది. అప్పుడు మదుము ఒకేసారి పూర్తిగా ఎత్తాలి. మెల్లగా ఎత్తితే మళ్లీ తడిసి అంటుకుంటుంది. మొదటి జోరుకే మొత్తం పోవాలి.

లెక్కల_మాస్టారు
వేగం రెట్టింపు, ఒరిపిడి నాలుగింతలు. మీ నాన్నగారు లెక్క వెయ్యకుండానే చేశారు.

సిమెంటు_బస్తా
ఐదు రోజులు ఎండితే సిమెంటుకి ఏమీ కాదు. అడ్డు కీళ్ల దగ్గర పగుళ్లుంటే అదే అదనులో పూడ్చుకోండి. వచ్చే ఏడు అడుగు నున్నగా పూయించి, నడిచే చోట మాత్రం గరుకు ఉంచండి.

గెడ్డగట్టు
చేశాను! ఐదు రోజులు కాదు, ఆరు. మొక్కజొన్నకి తడి టైమింగ్ అలా కుదిరింది. లస్కరు_కొడుకు చెప్పినట్టే పాచి తెల్లగా ఎండి అంచులు లేచింది. మదుము ఒక్క ఊపున ఎత్తాం, నేనూ బాబాయీ. నీళ్లు నల్లగా, పాచి ముక్కలతో, బండి వెళ్లినంత చప్పుడుతో దిగాయి. పావుగంటలో బోదె కొత్తదానిలా ఉంది. మళ్లీ వస్తుందని తెలుసు, కానీ ఆ పూట మడి ఐదు గంటల లోపే తడిసింది.

దిగువ_మడి
ఏ రోజు ఎత్తారు మదుము?

గెడ్డగట్టు
శనివారం పొద్దున్న ఏడింటికి.

దిగువ_మడి
మీ చెరువు గట్టు మీద రావిచెట్టు, దాని కింద విరిగిన బండిచక్రం ఉంటాయా?

గెడ్డగట్టు
ఉంటాయి. మీకెలా తెలుసు?

దిగువ_మడి
మా మేనత్త ఊరు అది. ఆ చెరువు మిగులు నీళ్లు మా గెడ్డలోకే వస్తాయి. శనివారం పదిన్నరకి నా ఇంజను గాలి పీల్చి ఆగిపోయింది. జాలీకి చుట్టుకున్న పాచి రెండు గంపలు. ఎండి తడిసిన పాచి, తాడులా పేనుకుపోయింది, కత్తితో కోశాను. ఇన్నాళ్లూ ఈ చర్చ చదువుతూ పైవాళ్లెవరో అని తిట్టుకున్నాను.

ఊరికే_చూస్తా
నేను పక్కకి తప్పుకుంటున్నాను.

గెడ్డగట్టు
తప్పయిపోయింది బాబూ. మీరు మా ఊరి మేనల్లుడని నాకేం తెలుసు. బోదె చివర, నీళ్లు గెడ్డలో పడే ముందు వెదురు తడిక అడ్డం పెట్టిస్తా, మదుము ఎత్తిన రోజు పాచి అక్కడే ఏరేస్తాం.

లస్కరు_కొడుకు
తడిక నిటారుగా పెట్టకండి, పాచి పట్టి ఆనకట్ట అయిపోతుంది, నీళ్లు గట్టు తెంచుకుంటాయి. ఏటవాలుగా పెట్టండి, పాచి పైకి జారుతుంది, పార కర్రతో లాగెయ్యొచ్చు.

దిగువ_మడి
అలాగే పెట్టండి. ఎత్తే ముందు రోజు నాకు ఒక ఫోన్ కొట్టండి చాలు, ఆ పూట ఇంజను ఆపుకుంటాను.

మునసబు_మనవరాలు
ఆ రెండు గంపల పాచి ఏం చేశారు?

దిగువ_మడి
కొబ్బరి మొదట్లో వేశాను. కోళ్లు వచ్చి అందులో నత్తలు ఏరుకుని పోయాయి.